విత్తన ప్యాకెట్‌కు ధర కట్టారు, మొగ్గ గిల్లే చేతికి కట్టలేదు



ఈ వారం పత్తి గురించి. పత్తి అనగానే రైతు ఆత్మహత్యలు, నకిలీ విత్తనాలు, మద్దతు ధర గుర్తొస్తాయి. అవన్నీ మాట్లాడాల్సినవే, మాట్లాడుతూనే ఉన్నాం. కానీ ఆ విత్తనం ఎక్కడ పుడుతుంది, ఎవరి చేతుల్లో పుడుతుంది అనే సంగతి మన సభల్లో గానీ, మన రాతల్లో గానీ దాదాపు రాదు. దుకాణంలో మెరిసే ప్యాకెట్ కనబడుతుంది. ఆ ప్యాకెట్ వెనక వంగిన నడుము కనబడదు.

బీటీ పత్తి విత్తనాల ప్యాకెట్‌ను ఎంతకు అమ్మాలో కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2015లో దానికోసం ప్రత్యేకంగా ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చారు. 2016లో 450 గ్రాముల బీజీ-2 ప్యాకెట్‌కు గరిష్ఠ ధర 800 రూపాయలు అన్నారు. అందులో టెక్నాలజీ ఇచ్చిన కంపెనీకి రాయల్టీ 49 రూపాయలు అని కూడా రాశారు. అంతకు పదేళ్ళ ముందే, 2006లో, మన ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం మోన్‌శాంటోతో కొట్లాడి ప్యాకెట్ ధరను 750కి దించింది. అది మంచి పనే. పత్తి రైతుకు ఊపిరి తీసుకునే సందు దొరికింది.

ఇప్పుడు నా ప్రశ్న. కొనే రైతు ఎంత చెల్లించాలో రాశారు. జన్యువు యజమానికి ఎంత ముట్టాలో రాశారు. ఆ విత్తనం పండించే రైతుకు కంపెనీ కనీసం ఎంత ఇవ్వాలో ఎందుకు రాయలేదు? ఆ రైతు చేలో ఒక్కో పువ్వును చేత్తో పట్టుకుని విత్తనాన్ని పుట్టించే కూలీకి ఎంత ముట్టాలో ఆ లెక్కలో ఎక్కడుంది?

ఎక్కడా లేదు. ఆ ఖాళీలోనే మన పిల్లలున్నారు.

*

సీడు పత్తి సంగతి తెలియని తమ్ముళ్ళు, చెల్లెళ్ళ కోసం పని ఎలా ఉంటుందో చెప్తాను. మామూలు పత్తిలో పువ్వు దానంతట అదే ఫలదీకరణ చెందుతుంది. హైబ్రిడ్ విత్తనం కావాలంటే అలా జరగనివ్వకూడదు. ఒక రకం మొక్కను ఆడ మొక్కగా, ఇంకో రకాన్ని మగ మొక్కగా పెడతారు. ఆడ మొక్క మీద మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ముందురోజు మధ్యాహ్నం నుంచి పొద్దు గూకేలోపు గుర్తుపట్టాలి. గోటితో గిల్లి, రేకులతో పాటు లోపలున్న పుప్పొడి భాగమంతా ఒలిచెయ్యాలి. మధ్యలో ఉన్న సన్నటి కాడకు గాటు పడకూడదు. పొద్దున కనబడేలా దానికో గుర్తు పెట్టాలి. మర్నాడు పొద్దున మగ మొక్కల పూలు కోసుకొచ్చి, నిన్న ఒలిచిన ప్రతి మొగ్గ మీదా ఆ పుప్పొడి రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. మళ్ళీ మధ్యాహ్నం మొగ్గలు. మళ్ళీ పొద్దున పూలు. రెండున్నర మూడు నెలలు ఇదే పని. ఆదివారం లేదు, పండగ లేదు. ఒక్క పూట ఆగితే ఆ పూట పూసిన పువ్వు తనంతట తానే కట్టేస్తుంది, ఆ కాయ విత్తనానికి పనికిరాదు.

వంద గింజలు తొమ్మిది పది గ్రాములు తూగుతాయనుకుందాం. 450 గ్రాముల ప్యాకెట్‌లో నాలుగున్నర వేల నుంచి ఐదు వేల గింజలుంటాయి. ఒక్కో కాయలో పాతిక ముప్పై గింజలు వేసుకున్నా ఒక్క ప్యాకెట్ కోసం నూటయాభై నుంచి రెండొందల కాయలు కావాలి. ప్రతి కాయకూ ఒక పువ్వు, ప్రతి పువ్వుకూ రెండుసార్లు చెయ్యి. రుద్దిన ప్రతి పువ్వూ కాయ అవ్వదు, చాలా రాలిపోతాయి. కాబట్టి అసలు లెక్క ఇంకా పెద్దది. ఇది నేను వేసిన మోటు లెక్కే. కానీ ఒక ఎకరం పత్తి వేయడానికి రైతు కొనే ప్యాకెట్‌లో ఎన్ని వందల గోటి గాట్లున్నాయో దీంతో తెలుస్తుంది.

ప్రపంచంలో మొదటి వాణిజ్య హైబ్రిడ్ పత్తి మన దేశంలోనే, సూరత్ పరిశోధన కేంద్రంలో 1970లో వచ్చింది. శాస్త్రవేత్త సి.టి. పటేల్ తెచ్చిన హెచ్-4. దాన్ని మన శాస్త్ర విజయంగా పాఠాల్లో చెప్తాం. ఆ విజయం చేనుదాకా రావాలంటే లక్షల చేతులు కావాలనీ, ఆ చేతులు ఎంత చవగ్గా దొరికితే విత్తన వ్యాపారం అంత లాభమనీ పాఠంలో ఉండదు. సీడు పత్తి సాగు పెట్టుబడిలో దాదాపు సగం కూలి ఖర్చే. మిగతా ఖర్చులేవీ రైతు చేతిలో లేవు. ఎరువు ధర తగ్గించలేడు, మందు ధర తగ్గించలేడు. కంపెనీ ఇచ్చే రేటు పెంచలేడు. తగ్గించగలిగింది కూలి ఒక్కటే. పెద్దల కూలి తగ్గించడానికీ ఒక హద్దుంటుంది. ఆ హద్దు దాటాలంటే పిల్లల్ని తేవాలి.

*

పిల్లల్నే ఎందుకు పెట్టుకుంటారని అడిగితే చెప్పే జవాబు మీరందరూ వినే ఉంటారు. "పిల్లల వేళ్ళు సన్నగా ఉంటాయి, మొగ్గ చెడదు. వాళ్ళ ఎత్తూ చెట్టు ఎత్తూ ఒకటే, వంగాల్సిన పని లేదు."

మన ఆడవాళ్ళు మిరప నారు పీకి నాటుతున్నారు, వరి నాటుతున్నారు, పూలు కడుతున్నారు, గద్వాల చీరల మగ్గం మీద నూలు సర్దుతున్నారు. అక్కడ పెద్దవాళ్ళ వేళ్ళు పనికొస్తున్నాయి కదా? విత్తన పరిశోధన కేంద్రంలో ఇదే క్రాసింగ్ పెద్దవాళ్ళతో చేయిస్తున్నారు కదా? వేళ్ళ సన్నదనం ఒక సాకు. అసలు సంగతి వేరు. పిల్లకు కూలి తక్కువ. పొద్దున్నించి పొద్దుగూకేదాకా నిలబెట్టినా ఎదురు చెప్పదు. సంఘం పెట్టదు. మధ్యలో మానేసి ఎక్కువ కూలి వచ్చే ఇంకో పనికి పోదు. కాపలా మనిషి అరిస్తే తలొంచుకుంటుంది.

ఇంకో సంగతి ఉంది. ఆ వేళ్ళు ఏ వాడవి? కర్నూలు, నంద్యాల వైపు చూసినా, కృష్ణా తుంగభద్రల మధ్య మా నడిగడ్డలో చూసినా, క్రాసింగ్ చేలల్లో ఉన్న పిల్లలు మాదిగ వాడ, మాల వాడ, బోయ వాడ, తండాల పిల్లలు. ఆడపిల్లలు ఎక్కువ. సన్న వేళ్ళు అన్ని కులాల పిల్లలకూ ఉంటాయి. సీడ్ కంపెనీ మేనేజర్ కూతురికీ ఉంటాయి. ఆ వేళ్ళు పియానో క్లాసుకు పోతాయి, మన పిల్లల వేళ్ళు మొగ్గ గిల్లడానికి పోతాయి. దీన్ని పేదరికం అనే ఒక్క మాటతో సరిపెట్టేవాళ్ళు కులం అనే మాట నోటినుంచి రాకుండా జాగ్రత్తపడుతున్నారని నా అభిప్రాయం.

దావులూరి వెంకటేశ్వర్లు గారు ఈ విషయం మీద ఇరవై ఏళ్ళకు పైగా పరిశోధన చేసిన మనిషి. 2003లో ఆయన అధ్యయనం బహుళజాతి విత్తన కంపెనీల పేర్లతో సహా మన ఉమ్మడి రాష్ట్రం సీడు చేలల్లో పిల్లల చాకిరీని ప్రపంచం ముందు పెట్టింది. 2015లో వచ్చిన ఆయన అధ్యయనం ప్రకారం దేశంలో సీడు పత్తి పనిలో ఉన్న 18 ఏళ్ళలోపు పిల్లలు దాదాపు ఐదు లక్షలు. ఎక్కువమంది దళిత, ఆదివాసీ, వెనకబడిన కులాల పిల్లలు. అమెరికా కార్మిక శాఖ ప్రకటించే జాబితాలో మన దేశపు హైబ్రిడ్ పత్తి విత్తనం బాల కార్మికుల కాలమ్‌లోనూ ఉంది, వెట్టి కాలమ్‌లోనూ ఉంది. "సీడ్ బౌల్" అని మన నాయకులు వేదికల మీద చెప్పుకున్న దానికి బయటి ప్రపంచంలో ఉన్న ఇంకో పేరు ఇది.

*

రెండు కాలమ్‌లలో ఎందుకుంది? ఎందుకంటే ఇక్కడ బాల్యమూ, అప్పూ కలిసే నడుస్తాయి.

విత్తనాలు వేసే ముందే, వేసవిలో, మేస్త్రీ వాడలోకి వస్తాడు. బడి ఫీజు, పెండ్లి బాకీ, ఆస్పత్రి ఖర్చు, ఏదో ఒక అవసరం ఉన్న ఇల్లు చూసుకుంటాడు. అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బుకు హామీ భూమి కాదు, బంగారం కాదు. ఆ ఇంటి పిల్ల. సీజన్ అయిపోయేదాకా ఆ పిల్ల ఆ చేనుకే పోవాలి. పక్క చేలో పది రూపాయలు ఎక్కువిచ్చినా పోకూడదు. జ్వరమొచ్చి ఆగితే ఆ రోజులు బాకీలో కలుస్తాయి. సీజన్ చివర లెక్క తేలకపోతే వచ్చే ఏడాదికి కూడా ఆ పిల్లే.

దీనికి మన ఊళ్ళల్లో పాత పేరుంది. జీతముండడం. మా తాత జీతమున్నాడు. ఏడాదికి ఇన్ని మానికల జొన్నలు, ఒక గొంగడి, ఒక చెప్పుల జత అని మాట. నిజాం రాజ్యంలో భగేలా అన్నారు, కోస్తాలో పాలేరుతనం అన్నారు. బోయి భీమన్న గారి 'పాలేరు' నాటకంలో ఒక పాలేరు కుర్రవాడు చదువుకుని అధికారి అవుతాడు. ఎమ్మే విద్యార్థులకు ఆ నాటకం గురించి చెప్పినప్పుడల్లా దానికి వచ్చిన ఆదరణ గురించి చెప్తాం. అందులో ఉన్న డిమాండ్ గురించి చెప్పం. పిల్లవాడిని దొడ్డిలోంచి బయటికి తేకుండా దళితుడికి విముక్తి లేదని భీమన్న గారు అంత తొందరగా గుర్తించారు. మనం సాహిత్య చరిత్రలో ఒక పేరా చేసి వదిలేశాం. దొడ్డిలోంచి పిల్లవాడు బయటికొచ్చాడు నిజమే. వాడి చెల్లెలు సీడు చేలోకి పోయింది.

మా ఇంటి సంగతే చెప్తాను. మా అక్క మూడు సీజన్లు క్రాసింగ్‌కు పోయింది. నేను ఒక్క పూట కూడా పోలేదు. ఇద్దరం ఒకే బడిలో చేరాం, ఆమె నాకంటే బాగా చదివేది, ఎక్కాలు నాకు నేర్పింది ఆమే. ఆమె అడ్వాన్సుతో ఇంటి బాకీ ఒకటి తీరింది, నా హాస్టల్ పెట్టె కొన్నారు. నా పేరు ముందు ఇప్పుడు డాక్టర్ అని ఉంది. ఆమె ఏడో తరగతి దగ్గర ఆగింది. తెలుగు సాహిత్యంలో వెట్టి గురించి నన్ను ప్రసంగానికి పిలుస్తారు. వెట్టి గురించి తెలిసిన మనిషి ఊళ్ళో ఉంది.

ఇప్పటికీ ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో మా డిగ్రీ కాలేజీ హాజరు పట్టికలో కొందరు అమ్మాయిల పేర్ల ఎదుట గీతలే ఉంటాయి. ఒక అమ్మాయిని అడిగితే, "సార్, క్రాసింగ్ అయిపోయినంక వస్త. చెల్లెని బడికి తోలిన, దాని బదులు నేను పోతున్న" అంది. ఆ అమ్మాయికి పద్దెనిమిది నిండాయి, చట్టం ప్రకారం తప్పేం లేదు. కానీ ఒక చెల్లెలు బడికి పోవాలంటే ఒక అక్క కాలేజీ మానాలి అనే లెక్క ఎవరు పెట్టారు?

*

"చట్టాలు లేవా సార్" అని మీరు అడగొచ్చు. చట్టాలకు కొదవలేదు. పిల్లల శ్రమను తాకట్టు పెట్టే ఒప్పందాలు చెల్లవని బ్రిటిష్ ప్రభుత్వమే 1933లో చట్టం చేసింది. బాబాసాహెబ్ అధ్యక్షుడిగా ఉన్న ముసాయిదా కమిటీ చేతుల మీదుగా వచ్చిన రాజ్యాంగంలో 23వ అధికరణ వెట్టిని నిషేధించింది. మహర్ వతన్ పేరుతో తన జాతి మీద ఉన్న వంశపారంపర్య చాకిరీ మీద 1928 నుంచే బొంబాయి శాసనమండలిలో కొట్లాడిన మనిషికి ఆ అధికరణ విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. 1976లో వెట్టి నిర్మూలన చట్టం వచ్చింది. 1982లో ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఒక గొప్ప మాట తేల్చింది. కనీస వేతనం కంటే తక్కువకు ఒక మనిషి పని చేస్తున్నాడంటే అతన్ని ఆకలి నెడుతోంది, అదీ బలవంతమే, అదీ 23వ అధికరణ కిందికి వస్తుంది. ఈ తీర్పును పట్టుకుని సీడు చేను గట్టు మీద నిలబడి చూడండి. కనీస వేతనం అందని ప్రతి చెయ్యీ వెట్టి కిందికే వస్తుంది.

కానీ చట్టానికి ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకునే అలవాటుంది. 2016లో బాల కార్మిక చట్టాన్ని సవరించారు. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. భేష్. ఆ వెంటనే, బడి వేళల తర్వాతా సెలవుల్లోనూ కుటుంబానికీ కుటుంబ వృత్తికీ సాయం చేయొచ్చన్నారు. కుటుంబ వృత్తి అంటే ఈ దేశంలో ఏమిటో మనకు తెలుసు. మంగలి కొడుకు కత్తెర, మాదిగ కొడుకు తోలు, కూలి కూతురు కొడవలి. చదువు హక్కు చట్టం 2010 నుంచి అమల్లోకి వచ్చి ఆరేళ్ళు దాటాయో లేదో, కులవృత్తికి ఇలా దొడ్డిదారి తెరిచారు.

సీడు పత్తిలో ఈ మినహాయింపు ఇంకా పెద్ద మోసం. కర్నూలు పెద్ద రైతుల చేలల్లో గొడవ బయటపడ్డాక కంపెనీలు సాగును చిన్న కమతాల వైపు మళ్ళించాయి. అర ఎకరం, ఎకరం ఉన్నవాళ్ళు, కౌలుకు తీసుకున్నవాళ్ళు. అందులో మనవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు చేలో ఉన్న పిల్ల కూలీ కాదు, రైతు బిడ్డ. అడిగితే, "మా పిల్లే, మాకు సాయం చేస్తోంది" అంటాడు తండ్రి. అబద్ధం కాదు. కానీ పువ్వు బడి గంట చూసి విచ్చుకోదు. పుప్పొడి రుద్దాల్సింది పొద్దున బడి జరిగే వేళలోనే. బడి తర్వాత సాయం చేయడం ఈ పనిలో సాధ్యమే కాదు. ఆ సంగతి కంపెనీకి తెలుసు, అధికారికి తెలుసు.

ఆ తండ్రిని దోషిగా నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. అతని చేతిలో ఉన్న ఒప్పందం చూడండి. కంపెనీ ఆర్గనైజర్‌తో మాట్లాడుతుంది, ఆర్గనైజర్ రైతుతో మాట్లాడతాడు. చాలా చోట్ల రైతు చేతిలో కాగితమే ఉండదు. పెట్టుబడి ఆర్గనైజర్ దగ్గర వడ్డీకి తెచ్చుకోవాలి. విత్తనం అప్పజెప్పాక నెలల తరబడి పరీక్షలంటారు. జన్యు శుద్ధి పరీక్షలో ఫెయిలైందంటే ఆ సరుకుకు విత్తనం రేటు రాదు. పాసయిందో ఫెయిలైందో చెప్పేది కూడా కొనేవాడే. ఈ రిస్కు మొత్తం ఎకరం రైతు నెత్తిన పెట్టి, "బాల కార్మికులను పెట్టను" అని అతనితో ఒక ఫారం మీద వేలిముద్ర వేయించుకుంటే కంపెనీ చేతులు కడిగేసుకున్నట్టే. సరఫరా గొలుసు అని వాళ్ళ నివేదికల్లో అందంగా రాస్తారు. ఆ గొలుసులో లాభం పైకి పోతుంది, బాధ్యత కిందికి జారుతుంది. చివరి కడియం ఒక పన్నెండేళ్ళ పిల్ల కాలికి ఉంటుంది.

*

ఇక్కడ ఒక వాదన ఎదురొస్తుంది. మన మిత్రుల నుంచే వస్తుంది. "పిల్ల కూలి ఆగిపోతే ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? చదివినా ఉద్యోగాలెక్కడున్నాయి? కడుపు నిండినవాళ్ళ నీతులు మన వాడలకు ఎందుకు?"

ఈ వాదనను నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఒక్కటి గమనించండి. పిల్ల చౌకగా దొరికినన్నాళ్ళూ తల్లికి పని దొరకదు, దొరికినా కూలి పెరగదు. పిల్ల కూలి ఇంటికి అదనపు ఆదాయంలా కనిపిస్తుంది గానీ, అది తల్లి కూలిలోంచి కోసుకున్నదే. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ వాళ్ళు, శాంతా సిన్హా గారు, వేలమంది పిల్లల్ని పనిలోంచి బడికి తెచ్చి నిరూపించింది ఇదే. అత్యంత పేద తల్లిదండ్రులు కూడా బడి తలుపు నిజంగా తెరిచి ఉంటే పిల్లల్ని పంపుతారు. వాళ్ళకు చదువు విలువ తెలియదని అనేవాళ్ళకే వాళ్ళ గురించి తెలియదు.

1882లో హంటర్ కమిషన్ ముందు జ్యోతిరావు ఫూలే పెట్టిన ఫిర్యాదు గుర్తుందా? ఖజానా నిండేది శూద్ర, అతిశూద్ర రైతుకూలీల చెమటతో, ఆ ఖజానాతో చదువుకునేది పైకులాల పిల్లలు అని. ఇప్పుడు ఖజానా స్థానంలో విత్తన పరిశ్రమను పెట్టి చూడండి. లెక్క మారలేదు.

ఇంకో వాదన పైనుంచి వస్తుంది. యూరప్ చట్టాలు వచ్చాయి, ఇక అవే చూసుకుంటాయి అని. జర్మనీ సరఫరా గొలుసు చట్టం 2023 నుంచి అమల్లో ఉంది. వెట్టితో తయారైన సరుకును తమ మార్కెట్లో నిషేధించే నిబంధనను యూరోపియన్ యూనియన్ 2024లో ఆమోదించింది. మంచిదే, మన చేతికి ఇంకో ఆయుధం. కానీ జర్మనీ చట్టం ప్రధానంగా నేరుగా సరుకిచ్చేవాడి దగ్గర ఆగుతుంది. చొక్కా అమ్మేవాడికి చొక్కా కుట్టినవాడు కనిపిస్తాడు. వాడి వెనక నూలు మిల్లు, దాని వెనక జిన్నింగ్, దాని వెనక పత్తి చేను, దాని వెనక విత్తనం. మన పిల్ల ఆ వరసలో అందరికంటే వెనక ఉంది.

పైగా ఒత్తిడి ఒకచోట పెరిగితే పని ఇంకో చోటికి పోతుంది. 2003 తర్వాత ఇక్కడ ప్రచారోద్యమాల వల్ల, ఎం.వి. ఫౌండేషన్ లాంటి సంస్థల పట్టుదల వల్ల, కొన్ని పెద్ద కంపెనీలు తనిఖీలు పెట్టాయి. పిల్లల్ని పెట్టని రైతుకు అదనపు రేటు, పెట్టినవాడికి కోత అన్నాయి. మన దగ్గర పిల్లల సంఖ్య తగ్గింది కూడా. అదే కాలంలో ఉత్తర గుజరాత్ సీడు చేలకు దక్షిణ రాజస్థాన్ నుంచి, డుంగర్‌పూర్, ఉదయ్‌పూర్ వైపు నుంచి, భిల్లు ఆదివాసీ పిల్లల్ని మేట్‌లు జీపుల్లో తోలుకుపోయారు. ఇక్కడి మాదిగ పిల్ల బదులు అక్కడి భిల్లు పిల్ల. దాన్ని విజయం అని మనం అనలేం. రేటు మారనంతకాలం పిల్లలు మారతారు, పని మారదు.

*

అందుకే నేను రేటు దగ్గరికే మళ్ళీ వస్తాను. మనం అడగాల్సింది ఇది. విత్తన ప్యాకెట్‌కు గరిష్ఠ ధర ప్రకటించే ప్రభుత్వం, అదే రోజు, అదే ఉత్తర్వులో, విత్తనం పండించే రైతుకు కంపెనీ ఇవ్వాల్సిన కనీస సేకరణ ధర ప్రకటించాలి. ఆ ధర పెద్దవాళ్ళకు కనీస వేతనం ఇచ్చి క్రాసింగ్ చేయిస్తే ఎంత ఖర్చవుతుందో ఆ లెక్క మీద కట్టాలి. రాయల్టీని పైసలతో సహా లెక్కగట్టగలిగిన దేశానికి కూలి లెక్కగట్టడం రాదంటే నేను నమ్మను. ఏ ఊళ్ళో, ఏ రైతు, ఏ ఆర్గనైజర్ ద్వారా, ఏ కంపెనీకి ఎన్ని ఎకరాలు వేశాడో గ్రామ పంచాయతీ గోడ మీద రాయాలి. ఒప్పందం తెలుగులో ఉండాలి, ఒక ప్రతి రైతు దగ్గర ఉండాలి. చేలో పిల్ల కనిపిస్తే కేసు రైతుతో ఆగకుండా కంపెనీ దాకా పోవాలి.

ఇవి ప్రభుత్వం చేయాల్సినవి. మరి మనం? విద్యార్థి సంఘాల్లో ఉన్న మిత్రులకు నాలుగు పనులు చెప్తాను. ఇవేవీ పెద్ద ధర్నాలు కావు.

మొదటిది, హాజరు పట్టిక. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా మీ ఊరి బడిలో ఐదో తరగతి నుంచి పదో తరగతి వరకు ఎవరు రావడం లేదో పేర్లు రాయండి. సమాచార హక్కు కింద అడగొచ్చు, టీచర్‌ను నేరుగా అడిగినా చాలాసార్లు చెప్తారు. "బాల కార్మికులు లేరు" అనే నివేదికకు ఎదురుగా పెట్టడానికి ఇంతకంటే గట్టి కాగితం లేదు. ఆ పేర్లు ఫేస్‌బుక్‌లో పెట్టకండి. పిల్లల ఫొటోలు అసలే వద్దు. అవి అధికారులకు ఇవ్వడానికి.

రెండోది, అడ్వాన్సు. అప్పుకు బదులుగా మనిషి గానీ, ఆ మనిషి కుటుంబంలో ఎవరైనా గానీ కట్టుబడి పనిచేస్తే అది వెట్టి అని 1976 చట్టం చెప్తోంది. ఆ బాకీ రద్దయినట్టే. రద్దయిన బాకీ వసూలు చేయడం నేరం. అది వెట్టి కాదని నిరూపించుకోవాల్సింది అప్పిచ్చినవాడే, మనం కాదు. ఈ మూడు ముక్కలు వాడలో ప్రతి తల్లికీ తెలియాలి. వేసవిలో మేస్త్రీ రాకముందే తెలియాలి.

మూడోది, విజిలెన్స్ కమిటీ. వెట్టి చట్టం ప్రకారం జిల్లాకొకటి, సబ్ డివిజన్‌కొకటి ఉండాలి. జిల్లా కమిటీలో ఎస్సీ, ఎస్టీల నుంచి ముగ్గురు సభ్యులుండాలి. మీ జిల్లాలో ఆ ముగ్గురెవరో కలెక్టరేట్‌లో అడగండి. ఆఖరిసారి ఎప్పుడు సమావేశమయ్యారో అడగండి. విడుదలైన పిల్లలకు విడుదల పత్రం ఇప్పించండి. 2016 పథకం కింద వెట్టి నుంచి విడుదలైన స్త్రీలకూ పిల్లలకూ రెండు లక్షల సాయం ఉంది. కానీ పూర్తి సొమ్ము నిందితుడికి శిక్ష పడటంతో ముడిపడి ఉంది కాబట్టి కేసు బలంగా నమోదయ్యేలా చూడాలి. దళిత, ఆదివాసీ పిల్లలైతే అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(హెచ్) వెట్టి గురించే ఉంది. ఎఫ్ఐఆర్‌లో ఆ సెక్షన్ ఉందో లేదో చూసి గానీ స్టేషన్ మెట్లు దిగకండి.

నాలుగోది, సీజనల్ హాస్టళ్ళు. కర్నూలు పడమటి మండలాలు, కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు నుంచి ఏటా కుటుంబాలు మిరపకోతకు గుంటూరు దాకా వలసపోతాయి. ఊళ్ళో హాస్టల్ తెరిస్తే పిల్లలు ఆగుతారు. తెరవకపోతే తల్లి వెంట మిరప చేలోకే పోతారు. వలస దసరాకు మొదలైతే హాస్టల్ సంక్రాంతికి తెరిచి లాభం లేదు. తేదీ కోసం కొట్లాడాలి.

ఈ పనుల్లో చప్పట్లు ఉండవు. వాడలో కొందరికి కోపం కూడా వస్తుంది, అడ్వాన్సు ఆగిపోతుందని. ఆ కోపానికి జవాబు ఉపన్యాసం కాదు. తల్లికి కనీస వేతనం, పిల్లకు బడి, రెండూ ఒకేసారి అడుగుతున్నామని వాళ్ళకు కనబడాలి. ఒకటి అడిగి ఇంకోటి వదిలేస్తే మనం కూడా ఎన్జీవో పోస్టర్‌లా మిగులుతాం.

ఇది మీరు ఏ నెలలో చదువుతున్నా ఆగస్టు ఎంతో దూరం లేదు. ఒక్కో కాలేజీ నుంచి ఇద్దరు, ఒక్కో ఊరు. హాజరు పట్టికతో మొదలుపెట్టండి.

వచ్చే వారం నూలు మిల్లుల్లోకి పోయిన మన అమ్మాయిల గురించి, అక్కడి హాస్టల్ గేట్ల గురించి రాస్తాను.

జై భీమ్. జై ఫూలే.